అప్‌డేట్: ఆ చరిత్ర పాఠ్యపుస్తకం సంగతి

మా డిగ్రీ ప్రపంచ చరిత్ర పుస్తకాన్ని నమ్మొచ్చా, ఒక పక్కకే మొగ్గుతోందా అని నెల కిందట అడిగాను కదా. ఏదో ఒక్క ఘట్టం తీసుకుని క్షుణ్ణంగా చూడమన్నారు. హైతీ విప్లవాన్ని పట్టుకున్నాను, అంటే కరీబియన్‌లోని ఓ ఫ్రెంచి వలసలో బానిసలు తిరగబడి స్వాతంత్ర్యం తెచ్చుకున్న ఘట్టం.

ఫ్రెంచి విప్లవానికి ఓ అధ్యాయం మొత్తం ఉంది. హైతీకి ఒక్క పేరా! 1791లో తిరుగుబాటు, 1804లో స్వాతంత్ర్యం, అంతే. ఆ తిరుగుబాటును నడిపిన నాయకుడు టూసాన్ లూవెర్చూర్ పేరే లేదు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, స్వతంత్ర దేశంగా గుర్తింపు కావాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టమని హైతీని అడిగింది. బానిసల్నీ తోటల్నీ పోగొట్టుకున్న యజమానులకు పరిహారమట! "హైతీ పేదరికంలో కూరుకుపోయింది" అని రాసిన పుస్తకం ఈ మాటే ఎత్తలేదు. నాకు నిజంగా కష్టంగా అనిపించింది ఇక్కడే.

వాక్యాలు కూడా గమనించాను. "బానిసలు తోటలు తగలబెట్టారు" అంటుంది. అదే బానిసల చావుల దగ్గరికొచ్చేసరికి "ప్రాణనష్టం జరిగింది". చంపిందెవరో ఉండదు.

అలాగని పక్కన పడేయను. మ్యాపులు బాగున్నాయి, పారిశ్రామిక విప్లవం అధ్యాయం పరీక్షకే కాదు, అర్థం చేసుకోవడానికీ పనికొస్తుంది. మా లెక్చరర్ గారికి ఆ పేరా చూపిస్తే, లోపించినవన్నీ రాసుకొచ్చి వచ్చే వారం క్లాసులో చెప్పమన్నారు. ఇప్పుడు అదే రాస్తున్నాను.