వేలు చూసి ఒత్తిడి చెప్పే ఫోను: కొలతా, చిలకజోస్యమా?

మూడో అంతస్తు: ఈ నెల నుంచి మా ఆఫీసులో రోజూ ఫోను కెమెరా మీద వేలు ఆనించి మానసిక ఒత్తిడి ఎంతో చూసుకోవాలట. నిన్న లిఫ్టు పాడై మెట్లెక్కి వచ్చి వేలు పెడితే ‘ఒత్తిడి అధికం’ అని ఎర్రగా చూపింది. పది నిమిషాల తర్వాత ఆకుపచ్చ! ఈలోగా నా బతుకులో మారిందేమీ లేదు, మంచినీళ్లు తాగానంతే.

రాత్రి పాళీ: చిలకజోస్యం అనకండి. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలికొసకు రక్తం పొంగుతుంది. ఆ క్షణంలో ఫ్లాష్ వెలుతురును రక్తం మరికాస్త పీల్చుకుంటుంది కాబట్టి కెమెరాకు వేలు రవ్వంత మసకగా కనిపిస్తుంది. ఆ మసకలను లెక్కపెట్టడమే పని. మా అమ్మ మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ నేనూ లెక్కపెట్టాను. నాకు 74 వచ్చింది, ఫోనుకు 75.

మూడో అంతస్తు: నాడి లెక్కతో నాకు తగవు లేదండీ. 75 నుంచి ‘మీరు ఆందోళనలో ఉన్నారు’ దాకా ఎలా దూకింది?

రాత్రి పాళీ: దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడాన్ని బట్టి. ఊపిరి పీల్చేటప్పుడు అది తగ్గుతుంది, వదిలేటప్పుడు పెరుగుతుంది. కంగారులో ఈ హెచ్చుతగ్గులు సన్నగిల్లుతాయి.

ఈసీజీ గది: చిక్కంతా అక్కడే. మామూలు కెమెరా సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది, అంటే రెండు బొమ్మల మధ్య 33 మిల్లీసెకన్లు. పట్టుకోవలసిన తేడా చాలామందిలో 20 నుంచి 50 మిల్లీసెకన్లే! మధ్య ఖాళీని అంచనాతో పూరిస్తారు, నిజమే. వేలు కదిలినా, చల్లబడినా ఆ అంచనా చెడుతుంది. ఐరోపా, ఉత్తర అమెరికా గుండె వైద్య సంఘాలు 1996లో ఇచ్చిన మార్గదర్శకాలు 5 నిమిషాల కొలత తీసుకోమన్నాయి. యాప్‌లకు అంత ఓపిక ఎక్కడిది? పైగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె జబ్బు ఉన్నవారికి గుండె లయ చిందరవందరగా ఉంటుంది. ఆ తేడాలు చూసి యాప్ ‘ప్రశాంతం’ అన్నా అనగలదు.

రాత్రి పాళీ: ఆ చివరి మాట ఒప్పుకుంటాను. అయినా లేవగానే, కాఫీకి ముందు, మంచం మీదే కొలుచుకుంటే నిన్నటి నాతో ఇవాళ్టి నన్ను పోల్చుకోవచ్చు. వరుసగా రాత్రి డ్యూటీలు పడిన వారం నా హెచ్చుతగ్గుల అంకె పడిపోయింది.

మూడో అంతస్తు: మీ అంకె మీరు చూసుకుంటున్నారు. మా అంకె మేనేజరు చూస్తున్నాడు. అందుకే ఇప్పుడు మేమంతా నిమిషానికి ఆరుసార్లే నెమ్మదిగా ఊపిరి తీస్తూ వేలు పెడుతున్నాం. అందరికీ ఆకుపచ్చే. సోమవారం మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చినావిడకు కూడా.