55 అంగుళాల టీవీ, హైదరాబాద్ మియాపూర్ నుంచి వైజాగ్ మధురవాడకి. అట్టపెట్టె లేదు, ఎలా పంపాలి?

మధురవాడ_మకాం:
ఇల్లు మారుతున్నాం. సామానంతా 14 అడుగుల డీసీఎంలో వెళ్తుంది. గోడకి బిగించిన 55 అంగుళాల ఎల్‌ఈడీ ఒకటి, 32 అంగుళాలది ఇంకొకటి ఉన్నాయి. పెద్దదాని పెట్టె ఎప్పుడో పాత పేపర్లవాడికి వెళ్లిపోయింది. ప్యాకర్స్ వాళ్లు బబుల్ చుట్టి పరుపుల మీద పడుకోబెడతామంటున్నారు. ఫర్వాలేదా? చిన్నది కార్లో తెచ్చుకోవచ్చా?

టీవీ_బెంచ్:
పడుకోబెట్టనివ్వకండి. పరుపు మెత్తగా ఉంటుంది కదా అనిపిస్తుంది గానీ ప్రమాదం అక్కడే. ప్యానెల్ అంటే రెండు పలచటి గాజు పలకలు, ఒక్కోటి మిల్లీమీటరు మందం కూడా ఉండదు. టీవీ నిలబడి ఉంటే గాజు బరువు దాని అంచు మీదుగా కిందికి దిగుతుంది, అటువైపు గాజు గట్టిది. పడుకోబెడితే 122 సెంటీమీటర్ల పొడవున్న పలక మధ్యలో ఆధారం లేకుండా వేలాడుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరి పడ్డప్పుడల్లా మధ్యభాగం ఊగుతుంది. తెర కింద వైపుకి పెడితే ఇంకా ఘోరం, వెనకున్న ఇనుప రేకు, బోర్డుల బరువంతా గాజు మీదే పడుతుంది.

ఇల్లు మారాక మా రిపేర్ బెంచ్ మీదకి వచ్చే టీవీల్లో దెబ్బలు మూడు రకాలు. ఒకటి, లోపలి గాజు చిట్లడం. పైన ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించి ఉంటుంది కాబట్టి చేత్తో తడిమినా తెలియదు, ఆన్ చేస్తేనే సాలెగూడులా కనిపిస్తుంది. రెండు, నిలువు గీతలు. ప్యానెల్ అంచుకి సన్నటి రిబ్బన్లు (సీఓఎఫ్) అతికించి ఉంటాయి, ఆ అంచుని వేళ్లతో నొక్కి పట్టుకున్నా, ఫ్రేమ్ మెలిపడినా అతుకు వదులుతుంది. మూడు, తెర మీద గుండ్రటి తెల్లచుక్కలు. అవి బ్యాక్‌లైట్ బల్బుల మీది ప్లాస్టిక్ లెన్సులు రాలిపోతే వస్తాయి. ఏళ్ల తరబడి వేడికి జిగురు ఎండిపోయి ఉంటుంది, ఒక్క గట్టి కుదుపు చాలు. మూడోదాన్ని విప్పి మళ్లీ అతికించొచ్చు. మొదటిదానికి ప్యానెల్ మార్చాల్సిందే, ఆ ఖర్చుకి దాదాపు కొత్త టీవీ వస్తుంది. వారంటీ ఉన్నా పనికిరాదు, పగుళ్లు దాని కిందికి రావు.

నాని_నల్లగొండ:
కంపెనీ నుంచి వచ్చే పెట్టె మీద బాణం గుర్తులు పైకి ఉండేది అందుకే. ప్రైవేటు బస్సు డిక్కీలో వేసి పంపేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. డిక్కీ ఎత్తు చాలకపోతే లోపల పడుకోబెట్టేస్తారు.

డీసీఎం_లోడింగ్:
అన్నా, టీవీని క్యాబిన్ ఎనక గోడకు ఆనిచ్చి అడ్డంగా నిలవెట్టాలె. ఎనక చక్రాలు దాటినంక ఉండే జాగల కుదుపు బాగా ఎక్కువ, ఆడ పెట్టుడే వద్దు. బండి సగం ఖాళీగుంటే ఇంకా ఎగురుతది. పట్టీల స్ప్రింగులు బరువుంటేనే వంగుతయి, లేకుంటే గట్టిగ కొడ్తయి. డ్రైవర్‌కు జెర మెల్లగ పోనియ్యమని చెప్పుర్రి.

కింద రెండు చెక్క పట్టీలు ఏసి వాటి మీద పెట్టుర్రి. వానొస్తే టార్పాలిన్ పట్టా ముంగట మూలలకెళ్లి నీళ్లు దిగుతయి, నేల తడుస్తది. ఫ్రిజ్‌ను గాని బీరువాను గాని టీవీ పక్కకు రానియ్యకుర్రి. టీవీకి, మిగతా సామానుకు నడుమ మంచం పలక నిలవెట్టి దాన్ని వేరే తాడుతోని బాడీ కొక్కేలకు కట్టాలె. టీవీ మీదికెళ్లి తాడు ఏసి గుంజుడు అసలే వద్దు.

మధురవాడ_మకాం:
మంచి మాట అన్నా. తెర ఎటువైపు ఉండాలి, క్యాబిన్ వైపా, సామాను వైపా?

డీసీఎం_లోడింగ్:
క్యాబిన్ దిక్కు. నడుమ పరుపు ఒకటి.

టీవీ_బెంచ్:
ఇక్కడ కొంచెం తేడా ఉంది. పరుపు నేరుగా తెరకి ఆనితే, వెనకనుంచి సామాను ఒరిగినప్పుడు ఆ పరుపే తెర మధ్యలో నొక్కుతుంది. మెత్తటిది ఏదైనా ఎదురుగా ఉన్నదాని ఆకారంలోకి వెళ్లిపోతుంది, గాజుకి కావలసింది అది కాదు. తెర ముందు గట్టి పలక ఉండాలి, ఆ పలక తెరకి తగలకూడదు. అదొక్కటి కుదిరితే ఎటు తిప్పి పెట్టినా ఒకటే. మంచం పలకని విడిగా కట్టమన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

అట్టపెట్టె_అప్పారావు:
ఆ పలక ఎలా పెట్టాలో చెప్తాను. 55 అంగుళాల సెట్టు సుమారు 123 సెంటీమీటర్ల వెడల్పు, 71 ఎత్తు, వెనక బోర్డుల ఉబ్బు దగ్గర 6 నుంచి 8 మందం ఉంటుంది. మీదాన్ని టేపుతో ఒకసారి కొలుచుకోండి. పెట్టె లోపలి కొలత నాలుగు వైపులా 5 సెంటీమీటర్ల చొప్పున వదిలి, అంటే 133 x 81 x 17 దగ్గర పడాలి. ఐదు పొరల అట్ట తక్కువలో తక్కువ. ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగితే అదే సైజు ఖాళీ పెట్టె ఇస్తారు, కానీ వేరే మోడల్ థర్మాకోల్ మీ టీవీకి సరిపడదు. వదులుగా ఉన్న థర్మాకోల్ లేనట్టే లెక్క.

కాబట్టి థర్మాకోల్ మీరే కోయాలి. 50 మిల్లీమీటర్ల షీటు కొని నాలుగు మూలలకీ ఎల్ ఆకారం ముక్కలు చేయండి, ఒక్కో చెయ్యి 20 సెంటీమీటర్లు. ముక్కలు ఒకదానిమీద ఒకటి అతికించి మధ్యలో టీవీ అంచు దిగేంత గాడి వదలండి. తెర ముందువైపు థర్మాకోల్ 3 సెంటీమీటర్లు ముందుకి పొడుచుకుని ఉండాలి. ఇప్పుడు 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ రెండు పొరల అట్ట గానీ టీవీ సైజుకే కోసి ఆ నాలుగు మూలల మీద ఆనించండి. తెరకీ పలకకీ మధ్య ఖాళీ గాలే. ఆ ఖాళీని ఏ గుడ్డతోనూ నింపకండి, నింపితే ఇంత శ్రమా వృథా.

బరువంతా కింది రెండు మూలల ముక్కల మీదే నిలుస్తుంది, అందుకని వాటికి ఇంకో పొర వేయండి. పెట్టెలో పెట్టాక రెండు వైపులా పట్టుకుని మెల్లగా ఊపండి. లోపల కదిలితే ఇంకా ప్యాక్ అవనట్టే.

సరోజ_వైజాగ్:
బబుల్ రాప్ తెర మీద నేరుగా చుట్టొచ్చా?

అట్టపెట్టె_అప్పారావు:
మొదట పలచటి ఫోమ్ షీటు లేదా ఉతికిన నూలు దుప్పటి, దాని మీద బబుల్, అది కూడా వదులుగా, తెరకీ పలకకీ మధ్య ఖాళీ మూసుకుపోకుండా. టేపు అంటించేది బబుల్ మీదే, తెర మీద గానీ ఫ్రేమ్ మీద గానీ కాదు. ప్యాకర్స్ కుర్రాళ్లు స్ట్రెచ్ ఫిల్మ్‌ని బలంగా లాగి చుట్టేస్తుంటారు. పది చుట్లు పడేసరికి ఫ్రేమ్ లోపలికి వంగుతుంది. ఆ ఫిల్మ్ అట్టపెట్టె పైన చుట్టమనండి, టీవీకి వద్దు.

టీవీ_బెంచ్:
చెక్క క్రేటు చేయిస్తే ఒక జాగ్రత్త. మూతని మేకులతో కొట్టనివ్వద్దు, స్క్రూలే. లోపల టీవీ పెట్టాక సుత్తి పడిందంటే ఒక్కో దెబ్బా ప్యానెల్‌కి అందుతుంది. ఈ క్రేటు సంగతి ఎప్పుడో గానీ ఎవరూ చెప్పరు.

సరోజ_వైజాగ్:
గోడ నుంచి దింపే పని కూడా చెప్పేస్తే సరి. ముందు రోజే టీవీ ఆన్ చేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు తెరలు వరసగా పెట్టి వీడియో తీయండి. వెనకున్న సీరియల్ నంబరు స్టిక్కర్ కూడా అదే వీడియోలో పడాలి. వైర్లు ఎక్కడ ఏది గుచ్చి ఉందో ఫొటో. ఫైర్ స్టిక్, పెన్‌డ్రైవ్ లాంటివి తప్పకుండా పీకేయండి, బయటికి పొడుచుకుని ఉంటే పోర్టు బోర్డుతో సహా ఊడుతుంది.

స్లిమ్ బ్రాకెట్ అయితే కింద రెండు తాళ్లు వేలాడుతుంటాయి, అవి లాగితే గొళ్లెం వదులుతుంది. ఇద్దరు ఉండాలి. ఒక చెయ్యి కింది మూల దగ్గర అరచేతి మీద, రెండోది పక్క అంచు మీద. బొటనవేలు తెర మీదకి రాకూడదు. టీవీ వెనక బల్లులు గుడ్లు పెట్టి ఉంటాయి, పొడి కుంచెతో దులపండి, స్ప్రేలు వద్దు. టీవీకి బిగించిన బ్రాకెట్ పట్టీలు విప్పేసి, ఆ స్క్రూలు ఒక కవర్లో వేసి గోడ బ్రాకెట్‌కే కట్టేయండి. టీవీ వెనక టేపుతో అంటిస్తే దారిలో ఊడి తెర వైపుకి జారుతుంది.

నాని_నల్లగొండ:
లిఫ్ట్‌లో పట్టుద్దా?

సరోజ_వైజాగ్:
55 పెట్టె నిలువుగానే చాలా లిఫ్టుల్లో పడుతుంది, కొంచెం ఏటవాలుగా తిప్పాలి. ముందు టేపు పట్టుకుని లిఫ్టు లోతు చూసుకోండి. 65 అయితే పెట్టె 160 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని నిట్టనిలువుగా ఒక పక్క మీద నిలబెట్టే బదులు మెట్లే మేలు.

కారు_డిక్కీ:
32 అంగుళాలది కార్లో సులువే. స్టాండు కాళ్లు విప్పండి. వెనక సీటు మీద నిలబెట్టి, తెరని సీటు వీపు వైపు తిప్పి, మధ్యలో అట్ట పెట్టి, సీటు బెల్టుని ఫ్రేమ్ మీదుగా వదులుగా వేయండి. ముందు సీటుని వెనక్కి జరిపి నొక్కకండి. 43 దాటితే హ్యాచ్‌బ్యాక్‌లో నిలబెట్టడం కుదరదు, దాని మీద ఆశ వదులుకోండి. ఎండలో అద్దాలు మూసిన కార్లో గంటలకొద్దీ వదిలేయడం కూడా మంచిది కాదు.

టీవీ_బెంచ్:
ఓఎల్‌ఈడీ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: పైభాగం కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఎత్తకండి. బోర్డులున్న మందపాటి కింది సగం దగ్గరే పట్టు. క్యూఎల్‌ఈడీ అని రాసి ఉన్నది మాత్రం లోపల ఎల్‌సీడీయే, పైన చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

బిల్టీ_బాబాయ్:
ప్యాకింగ్ అయింది, ఇక కాగితాలు. బిల్టీ (రవాణా వాళ్లిచ్చే సరుకు రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’, అంటే పాడైతే నష్టం సామాను యజమానిదే అని అచ్చు వేసి ఉందేమో చూడండి. క్యారేజ్ బై రోడ్ చట్టం 2007, దాని 2011 నిబంధనల ప్రకారం సామాను పాడైతే రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల దాకానే, అది కూడా మీరు ప్రకటించిన విలువ దాటదు. అందుకే సామాను పట్టికలో ‘టీవీ 1’ అని కాకుండా కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, విలువ విడిగా రాయించండి. దావా వేయాలంటే ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు.

బీమా డబ్బులు విడిగా తీసుకుంటే పాలసీ కాపీ అడగండి, దాని మీద బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉండాలి. ప్యాకర్స్ సొంత రసీదు మీద ‘ఇన్సూరెన్స్’ అని రాసినంత మాత్రాన బీమా ఉన్నట్టు కాదు. ఇంకో మెలిక: పైకి దెబ్బ కనపడకుండా టీవీ పనిచేయకపోతే చాలా పాలసీలు ఇవ్వవు, లోపలి ఎలక్ట్రికల్ లోపం కింద తోసేస్తాయి. సరోజ గారు చెప్పిన ముందు రోజు వీడియో అక్కడే పనికొస్తుంది.

దించాక సంతకం పెట్టే ముందే విప్పి ఆన్ చేసి చూడండి. కుర్రాళ్లు తొందరపెడితే రసీదు మీద ‘ప్యాకింగ్ విప్పి చూడలేదు’ అని మీ చేత్తో రాసి అప్పుడు సంతకం పెట్టండి.

మధురవాడ_మకాం:
బాబాయ్ గారూ, దించగానే ఆన్ చేయొచ్చా? రెండు గంటలు ఆగాలని ఎక్కడో విన్నాను.

టీవీ_బెంచ్:
చల్లటి చోటు నుంచి వేడి, తేమ ఉన్న చోటికి వస్తేనే ఆ సమస్య. ఏసీ గదిలోంచి తెచ్చినా, చలికాలం తెల్లవారుజామున బండి దిగినా వైజాగ్ తేమకి లోపల చెమ్మ పడుతుంది. పెట్టె మీద చెయ్యి వేసి చూడండి. చల్లగా తగిలితే పెట్టె మూత తీసి గది వేడికి వచ్చేదాకా, రెండు గంటలు అనుకోండి, ఆగాలి. మధ్యాహ్నం దిగి బయటి వేడిలోనే ఉంటే పదిహేను నిమిషాలు చాలు. తొందరగా చూడాలంటే టార్చి లైటు తెర మీద ఏటవాలుగా వేయండి, పైపొర మీది నొక్కులు, గీతలు కనపడతాయి. లోపలి పగులు మాత్రం ఆన్ చేస్తేనే తెలుస్తుంది.

సరోజ_వైజాగ్:
బిగించేటప్పుడు రెండు సంగతులు. పాత స్క్రూలే వాడండి. పెద్ద టీవీ వెనక పట్టే స్క్రూ సాధారణంగా ఎం6 గానీ ఎం8 గానీ (6 లేదా 8 మిల్లీమీటర్ల లావు) ఉంటుంది, పొడవు మోడల్‌ని బట్టి మారుతుంది. పక్క షాపులో దొరికిన పొడుగుది తిప్పేస్తే లోపలి బోర్డుకో, ప్యానెల్ వెనక రేకుకో తగులుతుంది. చేత్తో తిరిగినంత వరకు తిప్పి, చివరి అర చుట్టే స్క్రూడ్రైవర్.

రెండోది గోడ. మధురవాడ వైపు కొత్త అపార్టుమెంట్లలో తేలికపాటి ఏఏసీ ఇటుకలు వాడుతున్నారు. డ్రిల్ పొడి తెల్లగా, సుద్దలా రాలితే అదే. అలాంటి గోడలో హ్యామర్ మోడ్ ఆపి వట్టి డ్రిల్లే వేయాలి, లేకపోతే రంధ్రం పెద్దదైపోతుంది. బ్రాకెట్‌తో వచ్చే పొట్టి ప్లాస్టిక్ ప్లగ్గులు అందులో నిలవవు. 10 x 100 మిల్లీమీటర్ల ఫ్రేమ్ యాంకర్లు (పొడవాటి ప్లగ్గు, స్క్రూ జత) తెచ్చుకోండి. బిగించాక బ్రాకెట్‌ని రెండు చేతులతో గట్టిగా కిందికి లాగి చూసి, అప్పుడు టీవీ ఎత్తండి.