ఆడిసన్ వ్యాధిలో చర్మం నల్లబడటానికి కారణం ఏసీటీహెచ్చా, ఎంఎస్‌హెచ్చా?

వైద్య విద్యార్థిని:
ఆడిసన్ వ్యాధిలో అధివృక్క గ్రంథులు దెబ్బతిని కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గినప్పుడు పీయూష గ్రంథిలో పీఓఎంసీ అనే పూర్వగామి ప్రోటీన్ ఎక్కువగా తయారవుతుంది. అధివృక్క గ్రంథులను ప్రేరేపించే ఏసీటీహెచ్, చర్మపు రంగు కణాలను ప్రేరేపించే ఆల్ఫా ఎంఎస్‌హెచ్ అనే హార్మోన్లు రెండూ దానిలోనివే కాబట్టి రెండూ పెరుగుతాయని, ఎంఎస్‌హెచ్ వల్లే చర్మం నల్లబడుతుందని మాకు చెప్పారు. ఇది సరైన వివరణేనా?

జీవరసాయన అధ్యాపకుడు:
కాదమ్మా. పూర్వగామి ఒకటే అయినంత మాత్రాన దాని నుంచి వెలువడే హార్మోన్లు అంతటా ఒకటే కావు. ఏ కణంలో ఏ ఎంజైము ఉందన్నదే దాన్ని నిర్ణయిస్తుంది. పీయూష గ్రంథి ముందు భాగమైన పూర్వ లంబికలో ఏసీటీహెచ్‌ను తయారుచేసే కార్టికోట్రోఫ్ కణాల్లో ప్రధానంగా ప్రోహార్మోన్ కన్వర్టేజ్ 1 అనే ఎంజైము ఉంటుంది. అది పీఓఎంసీని 39 అమైనో ఆమ్లాల ఏసీటీహెచ్‌గా, బీటా లైపోట్రోపిన్‌గా ఖండించి దాదాపు అక్కడితో ఆగుతుంది. ఎలుకల్లాంటి జంతువుల మధ్య లంబికలో కన్వర్టేజ్ 2 కూడా ఉండటం వల్ల, ఏసీటీహెచ్ మళ్లీ తెగి, దాని మొదటి 13 అమైనో ఆమ్లాల నుంచి ఆల్ఫా ఎంఎస్‌హెచ్ తయారవుతుంది. గర్భస్థ శిశువులో స్పష్టంగా కనిపించే ఈ మధ్య లంబిక మనుషుల్లో పెద్దవారికి అవశేషప్రాయం. ఆ 13 అమైనో ఆమ్లాలు ఏసీటీహెచ్‌లోనూ యథాతథంగా ఉన్నాయి కనుక, అతిగా పెరిగిన ఏసీటీహెచ్చే చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలపై ఉన్న మెలనోకార్టిన్-1 గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుంది.

పశువైద్యుడు:
మధ్య లంబికను అంత తేలికగా పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. ముసలి గుర్రాల్లో దాన్ని అదుపుచేసే డోపమైన్ నాడులు క్షీణించినప్పుడు ఆల్ఫా ఎంఎస్‌హెచ్ విపరీతంగా పెరుగుతుంది. అందుకే డోపమైన్‌లా పనిచేసే పెర్గొలైడ్ ఇస్తాము. పైగా మనిషి చర్మం కూడా సొంతంగా పీఓఎంసీని తయారుచేసి ఎంఎస్‌హెచ్‌గా మార్చుకుంటుంది కదా, దాన్నెందుకు లెక్కలోకి తీసుకోలేదు?

జీవరసాయన అధ్యాపకుడు:
గుర్రాల విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం, డాక్టరు గారూ. అయితే ఆ ఉదాహరణ నా వాదననే బలపరుస్తుంది: మధ్య లంబికకు పగ్గం డోపమైన్, పూర్వ లంబికకు పగ్గం కార్టిసాల్. ఆడిసన్ వ్యాధిలో తెగేది రెండో పగ్గమే. ఇక చర్మంలో తయారయ్యే ఎంఎస్‌హెచ్ ఎండకు నల్లబడటంలో పాలుపంచుకోవచ్చు గానీ, ఈ వ్యాధిలోని నలుపుకు అదే కారణమైతే, పీయూష గ్రంథి దెబ్బతిని కార్టిసాల్ తగ్గినవారిలోనూ ఆ నలుపు కనిపించాలి. వారిలో ఏసీటీహెచ్ తక్కువ. చర్మం నల్లబడదు సరికదా, తరచుగా పాలిపోతుంది.