వరద తర్వాత ఎన్నికల్లో అధికార పార్టీకి ఓట్లు తగ్గితే కారణం వరదేనా?

ప్రశ్న (బూత్_లెక్క):
వరదొచ్చిన రెండు నెలలకు ఎన్నికలు జరిగాయనుకోండి. మునిగిన బూత్‌లలో అధికార పార్టీ ఓటు 50 శాతం నుంచి 44కి పడింది. జనం వరద కోపాన్ని ఓటులో చూపించారని రాసేయొచ్చా? బూత్‌ల వారీ ఫలితాలు చేతిలో ఉంటే ఏ వరుసలో చూడాలి?

జవాబు 1 (పట్టిక):
అప్పుడే రాయకండి. ముందు మునగని పక్క బూత్‌లు చూడండి. అక్కడా 5 పాయింట్లు (శాతంలో 5) తగ్గి ఉంటే వరద ఖాతాలో వేయగలిగేది ఒక్క పాయింటే. అదీ ఈ రెండు ప్రాంతాలూ గత రెండు మూడు ఎన్నికల్లో ఒకే తీరుగా కదిలి ఉంటేనే. లేకపోతే పోలికే చెల్లదు.

ఏది మునిగిందో ఉపగ్రహ చిత్రాల నుంచి తీసుకోండి. ప్రభుత్వం ప్రకటించిన బాధిత ప్రాంతాల జాబితాను నమ్ముకోవద్దు, అందులో పేరెక్కడం వెనకే రాజకీయం ఉండొచ్చు.

ఎక్కువమంది పొరబడేది భాగహారంలో. బూత్‌లో 1000 మంది ఓటర్లు. పోయినసారి 700 పోలైతే అధికార పార్టీకి 350, అంటే 50 శాతం. ఈసారి 500 పోలైతే 220, అంటే 44 శాతం. ఒక్కరు కూడా పార్టీ మారకుండానే ఇలా జరగొచ్చు: ఆ పార్టీ వాళ్లు 130 మంది, మిగతా వాళ్లు 70 మంది ఓటుకు రాలేదు, అంతే. పల్లపు వీధుల్లో ఇళ్లు ఎవరివో చూస్తే సంగతి తెలుస్తుంది. అందుకే పోలైన ఓట్లతోనే కాదు, నమోదైన ఓటర్ల సంఖ్యతోనూ భాగించి చూడాలి.

జవాబు 2 (నదీతీరం):
కోపమే వస్తుందని ముందే అనుకోవడం కూడా తప్పేనండి. 2002 ఆగస్టులో జర్మనీలో ఎల్బే నది పొంగింది, సెప్టెంబర్ 22న ఎన్నికలు. అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) ష్రోడర్ ప్రభుత్వం వెంటనే సాయం పంపింది. బెక్టెల్, హైన్‌ముల్లర్ అనే పరిశోధకుల లెక్క ప్రకారం వరద ప్రాంతాల్లో ఆయన పార్టీకి దాదాపు 7 పాయింట్లు అదనంగా కలిసొచ్చాయి. 2005 ఎన్నికల నాటికి అందులో పావు వంతు ఇంకా నిలిచే ఉంది.

మనసుకు కష్టంగా ఉండేది ఇంకోటి. అమెరికా ఎన్నికలపై హీలీ, మల్హోత్రా అనే పరిశోధకులు 2009లో తేల్చిందిది: విపత్తు వచ్చాక ఇచ్చే సాయానికి ఓట్లు పడతాయి, ముందు జాగ్రత్తకు పెట్టిన ఖర్చుకు పడవు. ముందు జాగ్రత్తకు పెట్టే ఒక్కో డాలరు ఆ తర్వాత సుమారు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని వాళ్ల అంచనా. తెగని కట్టను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇక పాలకులు కట్టల మీద డబ్బెందుకు పెడతారు? అసలు పట్టించుకోవాల్సింది ఇదే.

జవాబు 3 (పోలింగ్_దూరం):
ఓటుకు రాకపోవడం వెనక తుఫాను ఒక్కటే ఉండదు. 2018 అక్టోబర్ 10న ఫ్లోరిడాను మైకేల్ హరికేన్ తాకింది, నవంబర్ 6న పోలింగ్. దెబ్బతిన్న కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) నిబంధనలు సడలించారు, కొన్నిచోట్ల పోలింగ్ కేంద్రాలను బాగా తగ్గించి కలిపేశారు. పోలింగ్ పడిపోవడానికి గాలివాన కంటే ఈ దూరమే పెద్ద కారణమని తర్వాత పరిశోధనలో తేలింది. కాబట్టి మీ పట్టికలో ఒక గడి పెంచండి: ఓటరు ఇంటి నుంచి పాత బూత్‌కు ఎంత దూరం, కొత్త దానికి ఎంత.

బూత్_లెక్క:
దూరం గడి చేరుస్తాను. మరి, పాలకుల చేతిలో లేని దానికి కూడా జనం శిక్ష వేస్తారంటారు కదా, 1916 న్యూజెర్సీ సొరచేపల ఉదాహరణ చెప్పి?

జవాబు 1 (పట్టిక):
దాన్ని ఆధారం చేసుకోవద్దు. సొరచేపల దాడుల వల్ల తీర పట్టణాల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు ఓట్లు తగ్గాయని ఆకెన్, బార్టెల్స్ అనే పరిశోధకులు అన్నారు. 2018లో ఫౌలర్, హాల్ అనే మరో ఇద్దరు ఆ లెక్క మళ్లీ చేస్తే గట్టిగా నిలబడలేదు. మీ దగ్గరా అదే పరీక్ష పెట్టండి: వరద రాని పాత ఎన్నికల్లో ఇవే బూత్‌లను ‘మునిగినవి’ అనుకుని లెక్క కట్టండి. అప్పుడూ మునగని బూత్‌లతో అంతే తేడా కనిపిస్తే, అది వరద తెచ్చింది కాదు.

సాయం డబ్బు ఇళ్లకు చేరిన తేదీ కూడా పక్కన రాసుకోండి. పోలింగ్‌కు ముందు చేరిన బూత్‌లనూ, తర్వాత చేరిన బూత్‌లనూ ఒకే కుప్పలో పోస్తే కోపం, కృతజ్ఞత ఒకదాన్నొకటి కొట్టేసి తేడా సున్నా అని వస్తుంది.