వాల్వు ఆంప్లిఫయర్‌లో హమ్ వస్తే ఎర్త్ తీసేయొచ్చా?

పెదవాల్తేరు శ్రోత
ఈఎల్34 వాల్వులున్న (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు) పాత స్టీరియో ఆంప్లిఫయర్ ఒకటి కొన్నాను. రికార్డ్ ప్లేయర్, టీవీ రెండూ దానికే కలిపాను. ధ్వని అద్భుతంగా ఉంది గానీ, పాట లేనప్పుడు స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తోంది. తెలిసినాయన ఒకరు వచ్చి త్రీ పిన్ ప్లగ్గు విప్పి ఎర్త్ వైరు తీసేశారు. హమ్ పోయింది. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. ఇలాగే వాడుకోవచ్చా?

పాత రేడియో
నిశ్చింతగా వాడుకోండి. మన నాన్నల కాలంలో వాల్వు రేడియోలు చాలావరకు టూ పిన్ ప్లగ్గులతోనే నడిచాయి. విశాఖ ఆకాశవాణి విన్న ఇళ్లలో ఎర్త్ ఎక్కడుంది? పైగా మన ఊళ్లో ఎర్త్‌ని నమ్మడమే తప్పు. సముద్రపు గాలికి ఎర్త్ పైపు, క్లాంపు రెండూ తుప్పు పట్టిపోతాయి. ఎర్త్ పిట్‌లో, అంటే ఆ పైపు పాతిన గుంటలో, నీళ్లు పోసేవాళ్లు ఏ అపార్ట్‌మెంట్‌లోనూ లేరు. అలాంటి చోట పక్క ఫ్లాట్‌లో గీజర్ లీకైతే ఆ వోల్టేజీ ఎర్త్ వైరు పట్టుకుని మీ ఆంప్ మీదికి వస్తుంది. లేని ఎర్త్ కన్నా చెడ్డ ఎర్త్ ప్రమాదం.

గాజువాక వైర్‌మ్యాన్
శ్రోత గారూ, ముందు ఆ ప్లగ్గు తీసి పక్కన పెట్టండి. ఎర్త్ మళ్లీ కలిపేదాకా ఆన్ చేయకండి.

పాత రేడియో గారు చెప్పిన సెట్లకి ఎర్త్ లేని మాట నిజమే. వాటిలో కొన్నింటికి, ఏసీ డీసీ సెట్లనేవాళ్లు, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉండేది కాదు. ఛాసిస్, అంటే భాగాలన్నీ బిగించే లోపలి ఇనుప చట్రం, నేరుగా కరెంటు లైనుకే కలిసి ఉండేది. అందుకే దాన్ని చెక్క పెట్టెలోనో బేకలైట్ పెట్టెలోనో మూసేసి, నాబ్‌లు కూడా బేకలైట్‌తో పెట్టేవారు. మనిషి చెయ్యి ఇనుముకి తగలకూడదని అంత జాగ్రత్త. మీ ఆంప్ అలా కాదు. పైనంతా రేకే.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడండి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు లైనుకి కలిసే ప్రైమరీ చుట్టలో ఇన్సులేషన్ ఎక్కడైనా చెడితే 230 వోల్టులు ఛాసిస్‌కి వస్తాయి. ఎర్త్ ఉంటే ఆ కరెంటు అటు పారి ఫ్యూజు కొట్టేస్తుంది, కథ అక్కడితో సరి. ఎర్త్ లేకపోతే ఏమీ కాదు. ఆంప్ మామూలుగానే పాడుతుంది, ఛాసిస్ మాత్రం కరెంటుతో ఉంటుంది. పాప ఆంప్‌నే ముట్టుకోనక్కర్లేదు. రికార్డ్ ప్లేయర్ నుంచి సన్నటి గ్రౌండ్ వైరు వచ్చి ఆంప్ వెనక స్క్రూకి బిగిస్తారు కదా, దాని గుండా టోన్ ఆర్మ్ దాకా వస్తుంది. సూది పెట్టే చెయ్యి దాని మీదే ఉంటుంది. ఉప్పు తేమకి ఇన్సులేషన్ త్వరగా పాడయ్యే ఊరు మనది, ఇక్కడ ఎర్త్ ఇంకా ఎక్కువ కావాలి.

సీతమ్మధార
మా ఫ్లాట్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది, కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి. అదుంటే ఎర్త్ లేకపోయినా పర్వాలేదు కదండీ?

గాజువాక వైర్‌మ్యాన్
ఆర్‌సీసీబీ మంచిదే, ఉండాలి కూడా. కానీ ఎర్త్ లేనప్పుడు అది పడాలంటే లీకైన కరెంటు ఎవరో ఒకరి ఒంట్లోంచి పోవాలి. ఎర్త్ ఉంటే ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది.

ఇంకో సంగతి వాల్వు సెట్లు వాడే ప్రతివాళ్లకీ తెలియాలి. లోపల ఉన్న 430 వోల్టుల డీసీ అనేది ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపుది, అంటే కరెంటు లైనుతో నేరుగా కలవని రెండో చుట్ట వైపుది. ఒక చెయ్యి ఛాసిస్ మీద, ఇంకో చెయ్యి ఆ వైరు మీద పడితే ఆర్‌సీసీబీకి తెలియనే తెలియదు. ఫేజులో వెళ్లినంత కరెంటూ న్యూట్రల్‌లో తిరిగి వస్తూనే ఉంటుంది కాబట్టి అది కదలదు.

పాత రేడియో
సరే, ఛాసిస్ సంగతి ఒప్పుకుంటాను. మరి డీవీడీ ప్లేయర్లూ రేకుతోనే ఉంటాయి, టూ పిన్‌తో వస్తాయి. వాటికి లేని ప్రమాదం దీనికెందుకు?

రుషికొండ
వాటి వెనక చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది, చూడండి మాస్టారూ. డబుల్ ఇన్సులేషన్ అని అర్థం. మొదటి నుంచీ ఎర్త్ అక్కర్లేకుండానే తయారు చేశారు. ఎర్త్ ఉంటుందని నమ్మి కట్టిన ఆంప్‌కి దాన్ని పీకేయడం వేరు.

అసలు హమ్ దగ్గరికి వద్దాం. అది 50 హెర్ట్జ్‌దా, 100 హెర్ట్జ్‌దా తెలిస్తే సగం పని అయినట్టే. ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫయర్ తర్వాత ఉండే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోతే 100 వస్తుంది, అది కొంచెం గరగరగా ఉంటుంది. గ్రౌండ్ లూప్ అయితే, అంటే రెండు చోట్ల ఎర్త్ కలిసి చుట్టులా ఏర్పడితే, లోతుగా 50 వస్తుంది. ఎర్త్ తీయగానే పోయిందంటున్నారు కాబట్టి ఇది లూపే. నా అనుమానం టీవీ మీద. కేబుల్ టీవీ వైరు పై జాలీకి బయట ఎక్కడో ఎర్త్ ఉంటుంది, ఆంప్‌కి ప్లగ్గులో ఇంకో ఎర్త్. రెండింటి మధ్య లూప్ ఏర్పడుతుంది. ఎర్త్ మళ్లీ పెట్టించి, టీవీ వెనక ఆ కేబుల్ ఒక్కటీ విప్పి వినండి.

పెదవాల్తేరు శ్రోత
ఎర్త్ పెట్టించాను. కేబుల్ విప్పగానే హమ్ దాదాపు పోయింది. చెవి స్పీకర్‌కి ఆనిస్తే సన్నగా ఉంది. పాత రేడియో గారు చెప్పిన చెడ్డ ఎర్త్ సంగతి మాత్రం బెంగగానే ఉంది. మీటరుతో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 230 చూపించింది. చాలా?

గాజువాక వైర్‌మ్యాన్
చాలదు. మీటరు లాగే కరెంటు చాలా తక్కువ, తుప్పు పట్టిన ఎర్త్ మీద కూడా 230 చూపిస్తుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించండి. పాత రేడియో గారి భయం న్యాయమైనదే, దానికి మందు ఎర్త్ బాగు చేయించడం. మీ ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషీన్ అదే వైరు మీద ఉన్నాయి కదా. అసోసియేషన్ వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడండి.

రుషికొండ
మిగిలిన ఆ కాస్త హమ్‌కి: కేబుల్ లైనుకి ఐసోలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి ఎర్త్ కలపకుండా ఆపేది) పెట్టుకోండి. అప్పటికీ పోకపోతే, ఛాసిస్‌ని ఎర్త్‌కి గట్టిగా బోల్టుతో ఉంచి, సిగ్నల్ గ్రౌండ్‌నీ ఛాసిస్‌నీ మాత్రం 10 ఓముల రెసిస్టరు, దానికి అడ్డంగా ఎదురెదురు డయోడ్లతో కలిపిస్తారు. వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి.

బయాస్ కూడా, అంటే పాట లేనప్పుడు వాల్వులో పారే కరెంటు సెట్టింగు, అప్పుడే చూపించండి. ఆనోడ్ మీద 430 వోల్టులుంటే ఒక్కో ఈఎల్34కి 40 మిల్లీఆంపియర్లు సరిపోతాయి. అంటే 17 వాట్ల పైచిలుకు, గరిష్ఠం 25. పాత వాల్వుల్ని అంతకన్నా పిండకండి. స్పీకరు వైరు ఊడిన ఆంప్‌లో పాట పెట్టొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. వాల్వులు చెయ్యి కాల్చేంత వేడెక్కుతాయి, పాపకి అందకుండా జాలీ మూత పెట్టించండి. పైన, వెనక గాలి ఆడాలి.

పాత రేడియో
కండెన్సర్ల సంగతి నేను చెబుతాను. ప్లగ్గు తీసినా అవి ఛార్జ్ పట్టుకునే ఉంటాయి. 100 మైక్రోఫారడ్‌కి ఆ ఛార్జ్‌ని దించే 220 కిలో ఓముల బ్లీడర్ రెసిస్టరు వేసి ఉంటే 430 వోల్టులు మూడు వోల్టుల దగ్గరికి దిగడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. బ్లీడర్ లేకపోతే ఎంతసేపు ఉంటుందో చెప్పలేం. అడుగు రేకు విప్పేవాళ్లెవరైనా మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని. ఎర్త్ విషయంలో వైర్‌మ్యాన్ గారి మాటే వినండి. మా మేడమీది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లకి కూడా ఈ వారమే త్రీ పిన్ వేయిస్తున్నాను.