ఫ్రెంచ్ వాళ్ళకు ఇంగ్లీషు నుడికారం: పక్కన ఫ్రెంచ్ జోడీ ఉండాలా, వద్దా?

లియాన్ టీచర్:
ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళకు సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతాను. కష్టాలను ఎదుర్కోవడం గురించిన నుడికారాలకు మా దగ్గర ఒక పట్టిక ఉంది. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు దాని ఫ్రెంచ్ జోడీ. ఆ కుడివైపు వరస తీసేద్దామని నేనంటే తోటి టీచర్లు ఒప్పుకోవడం లేదు. 'బైట్ ద బుల్లెట్' పక్కన 'సెర్రే లె దాఁ' అని ఉంది, అంటే పళ్ళు బిగించడం. ఫ్రెంచ్ మాట ఓర్చుకోవడం గురించి, నెలల తరబడి బిగించి ఉండొచ్చు. ఇంగ్లీషు మాట, వాయిదా వేస్తూ వచ్చిన ఇష్టంలేని పనికి ఎట్టకేలకు సిద్ధపడటం. ఖర్చు భరించలేక కారు అమ్మేద్దామని తేల్చుకోవడం బుల్లెట్ కొరకడం. ఆ తర్వాత రోజూ కిక్కిరిసిన బస్సులో వెళ్ళడం పళ్ళు బిగించడం. పట్టిక చూసి నేర్చుకున్నవాళ్ళు 'రెండేళ్ళుగా బుల్లెట్ కొరుకుతున్నాను' అని రాస్తున్నారు.

పుదుచ్చేరి అనువాదకుడు:
మీరు రాయకపోతే వాళ్ళు మనసులో రాసుకోరా టీచర్ గారూ? పెద్దయ్యాక భాష నేర్చుకునేవాళ్ళు కొత్త మాటకు సొంత భాషలో జత వెతుక్కుంటూనే ఉంటారు. అది కాగితం మీద ఉంటే కనీసం దిద్దొచ్చు. పైగా కొన్ని జోడీలు అచ్చంగా ఒకటే. ఎద్దును కొమ్ములు పట్టుకుని లొంగదీయడం రెండు భాషల్లోనూ ఉంది. 'అవుట్ ఆఫ్ ద ఫ్రయింగ్ పాన్ ఇంటు ద ఫైర్' మనకు ఒక్కసారికే ఎందుకు వచ్చేసింది? పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు అని మనకూ ఉంది కాబట్టి. ఫ్రెంచ్ వాళ్ళు కారిబ్ద్ నుంచి సిలాలో పడటం అంటారు. మెస్సినా జలసంధికి అటొకటి ఇటొకటి ఉన్నాయని గ్రీకు పురాణం చెప్పే రాకాసులవి. బొమ్మ వేరైనా అర్థం అదే. ఇలాంటి ఆసరా ఎందుకు తీసేయాలి?

లియాన్ టీచర్:
ఎద్దుతో పేచీ లేదండీ. దాదాపు ఒకటే అనిపించేవాటితోనే నా పేచీ అంతా. 'బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్' పక్కన 'సుత్తికీ దాగలికీ మధ్య' అనే ఫ్రెంచ్ మాట పెట్టారు. మొదటిది మన ముందు నుయ్యి వెనక గొయ్యి, ఏ దారి పట్టినా నష్టమే. రెండోది ఎక్కువగా అడకత్తెరలో పోకచెక్క: యాజమాన్యానికీ యూనియన్‌కీ మధ్య నలిగే సూపర్‌వైజర్ పరిస్థితి. మనకు రెండు మాటలున్నాయి కనుక తేడా ఇట్టే తెలుస్తుంది, పట్టిక దాన్ని చెరిపేస్తోంది. 'ఫేస్ ద మ్యూజిక్' సంగతి మరీ ఘోరం. తాను చేసినదానికి ఫలితం తానే ఎదుర్కోవడం దాని అర్థం. పక్కన పెట్టిందేమో 'పగిలిన కుండలకు డబ్బు కట్టడం'. అది చాలాసార్లు ఎవరో చేసిన నష్టం మన నెత్తిన పడినప్పుడు అనే మాట. తప్పు ఒప్పుకోవడానికి బాస్ దగ్గరికి వెళ్ళే మనిషి, తప్పు తనది కానట్టు మాట్లాడితే ఎలా ఉంటుంది?

మాంట్రియల్ వాసి:
వీటిని వాడి తీరాలని ఎందుకండీ? వియన్నా ప్రొఫెసర్ బార్బరా సైడల్‌హోఫర్ ఎప్పుడో చెప్పారు, ఒక పక్షానికే తెలిసిన నుడికారం మాటలకు అడ్డం పడుతుందని. లియాన్ ఉద్యోగి ఇంగ్లీషులో మాట్లాడే అవతలి మనిషి జర్మన్ కావచ్చు, హైదరాబాద్ కుర్రాడు కావచ్చు. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే మా క్యూబెక్ రాష్ట్రంలో లెక్క వేరు. టొరంటో ఆఫీసు మెయిల్‌లో 'బైట్ ద బుల్లెట్' కనిపిస్తే అర్థం కావాల్సిందే. అర్థం చేసుకోవడం అందరికీ నేర్పండి, వాడకం మాత్రం వాళ్ళ ఇష్టానికి వదిలేయండి.

భాషాశాస్త్ర విద్యార్థిని:
ఒక పరిశోధన గురించి చెప్పాలి. 2001లో ఫ్రాంక్ బూర్స్, మ్యూరియెల్ డెమెషెలీర్ ఫ్రెంచ్ మాట్లాడే విద్యార్థులకు ఇంగ్లీషు నుడికారాలిచ్చి అర్థం ఊహించమన్నారు. టోపీలు, ఓడల మీద పుట్టినవి ఎక్కువ కష్టపెట్టాయి. తిండి, చొక్కా చేతుల మీద పుట్టినవి తేలికయ్యాయి, ఎందుకంటే ఫ్రెంచ్‌లో అలాంటివే ఎక్కువ. అంటే కుడివైపు వరస లేకపోయినా సొంత భాష పనిచేస్తూనే ఉంటుంది. 'జ కొనే ల ముజీక్' అని ఫ్రెంచ్ వాళ్ళంటారు, ఈ తంతు నాకు తెలిసిందేలే అని. జోడీ ఇవ్వకుండా వదిలేస్తే 'ఫేస్ ద మ్యూజిక్' చూడగానే నేరుగా అక్కడికే వెళ్తారు. కాబట్టి నేను అనువాదకుడు గారి వైపు.

పుదుచ్చేరి అనువాదకుడు:
అయితే మూడో వరస కలపండి టీచర్ గారూ: ఈ జోడీ ఎక్కడ చెల్లదో.

లియాన్ టీచర్:
పరీక్ష ముందు రోజు రాత్రి మూడో వరస ఎవరు చదువుతారండీ? రెండోదే బట్టీ పడతారు. కుడివైపు ఒక సందర్భం రాస్తాను: లెక్కల్లో పొరపాటు చేసిన ఉద్యోగి సోమవారం ఉదయం బాస్ గదికి వెళ్తున్నాడు. దానికి ఫ్రెంచ్‌లో ఏమంటారో క్లాసులో వాళ్ళచేతే చెప్పిస్తాను. ఒకరు కుండలంటారు, ఇంకొకరు కాదంటారు. ఆ వాదన వాళ్ళు చేసుకోవాలి, పట్టిక ముందే తేల్చేయకూడదు.