అప్‌డేట్: కుళాయి నీళ్లలో మురుగు వాసన – కారణం దొరికింది (కర్నూలు)

పాతబస్తీలో మా వీధి కుళాయిలకు మురుగు వాసన వస్తోందని అడిగాను కదా, సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. వార్డు సచివాలయంలో ఇచ్చిన అర్జీ కదల్లేదు. వీధివాళ్ల సంతకాలతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లమన్న సలహానే పనిచేసింది.

ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు దగ్గరుండి సైడు కాలువలో పూడిక తీయించారు. అడుగున పాత ఇనుప పైపు, జాయింటు దగ్గర తుప్పు పట్టి వేలు దూరేంత కంత! సరఫరా ఆగగానే ప్రెషర్ పడిపోయి పైపు మురుగును లోపలికి లాక్కుంటోందట. అందుకే నీళ్లు వదిలిన మొదట్లోనే ఆ కంపు. ఆ ముక్క తీసేసి కాలువ పైనుంచి కొత్త పైపు వేశారు.

ఊరికి నీళ్లిచ్చే సుంకేసుల బ్యారేజీ నీళ్లే పాడయ్యాయని కొందరన్నది నిజం కాదు. ఇంట్లో సంపు కడిగినా, ఫిల్టర్ మార్చినా ఈ వాసన పోయేది కాదు. అర్జీ రసీదు మాత్రం దాచుకోండి, అర్జీ ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి ఫిర్యాదుల హెల్ప్‌లైన్ 1100కి ఫోన్ చేస్తే రసీదు మీది నంబరే అడుగుతారు.